ఎనిమిదో నంబరు గుంట

1982 జూన్ నుంచి తర్వాతి ఏడాది మార్చి దాకా, పది నెలలు, మా నాయినకు నేను ఆఫీసరును.

మంచినీటి చేపల పరిశోధన కేంద్రంలో ఆయన రోజుకూలి, నేను ల్యాబ్ అసిస్టెంటు. నాదీ టెంపరరీయే, కాకపోతే నా టెంపరరీకి ఒక కుర్చీ ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడితే, మస్టరు తెరిచి, ఇంకు పెట్టె మూత తీసి, ఆయన బొటనవేలు పట్టుకుని నేనే ముద్ర వేయించాలి. ఆ వేలు ఎంత కడిగినా చేప వాసన పోయేది కాదు. ఇంట్లో ఆ వాసనకు ముక్కు మూసుకుంటే తిట్టేవాడు. ఆఫీసులో మాత్రం చేతులు కట్టుకుని, "పెట్టిన మేడం, ఇగ పోనా?" అనేవాడు. గుమ్మం దగ్గర బీడీ కాల్చుకుంటున్న మా అటెండరు జహంగీర్ చాచాకు రోజూ అదే తమాషా, రోజూ కొత్తగానే నవ్వేవాడు.

కేంద్రం అంటే ఏదో ఊహించుకోవద్దు. కేసముద్రం నుంచి మానుకోట పోయే తోవలో, మా ఊరి చెరువు కట్ట కింద రెండు గదులు, ఏడు సిమెంటు తొట్లు, ఒక పంపు షెడ్డు. మా సైంటిస్టు డాక్టర్ ప్రభాకర్ గారు కాకినాడ మనిషి. చదివింది సముద్రపు చేపల మీద. పోస్టింగు మాత్రం సముద్రం ఊరి పేర్లో తప్ప ఇంకెక్కడా లేని చోటికి వచ్చింది. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు కానీ, గోడ మీద ఇంట్లో దేవుడి పటం ఉండాల్సిన చోట ఒక సొరచేప దవడ వేలాడదీసుకున్నారు.

మా ప్రాజెక్టు కొర్రమట్ట. పుస్తకాల్లో కొర్రమీను. అది వానలు పడ్డాక, బురదలో, నాచు మధ్య, తనకు బుద్ధి పుట్టినప్పుడు గుడ్లు పెట్టే చేప. దానికి మందు పొడిచి, సిమెంటు తొట్టిలో, మనకు బుద్ధి పుట్టినప్పుడు గుడ్లు పెట్టించాలని ఢిల్లీ కౌన్సిల్ మూడేళ్లకు డబ్బులిచ్చింది. నేను చేరేటప్పటికి రెండేళ్లు అయిపోయాయి. ఒక్క పిల్ల బతకలేదు. ఆగస్టులో కమిటీ వచ్చి చూస్తుందన్నారు. వాళ్లకు నచ్చితే ఇంకో ఐదేళ్లు. లేదంటే మార్చి ముప్పైఒకటితో తాళం.

ఆ ఐదేళ్లతో పాటు ఒక పర్మినెంటు పోస్టు వచ్చేది ఉంది. కాగితం మీద ఆ పోస్టు పక్కన ప్రభాకర్ గారు పెన్సిలుతో "నీలం ఓదెలు" అని రాసి పెట్టారు. అది మా నాయిన పేరు.

ఆ పెన్సిలు గీత మీద మా ఇల్లంతా నిలబడి ఉండేది. పదకొండేళ్ల కింద కేంద్రంలో కూలికి చేరేటప్పుడు, సర్కారు పని చేసేవాడు చెరువు సొసైటీలో ఉండకూడదని ఎవరో అంటే నాయిన తన సభ్యత్వం వదులుకున్నాడు. పర్మినెంటు ఇయ్యాల్నో రేపో అయితదన్నారు. సభ్యత్వం వేరేవాళ్లకు పోయింది. అంటే తాతల కాలం నుంచి మావాళ్లు వల వేసిన చెరువులో ఇప్పుడు మా నాయినకు గాలం వేసే హక్కు కూడా లేదు. ఇటు పర్మినెంటూ లేదు. మా అవ్వ, అంటే అమ్మ, మాత్రం ఏం పెద్దగా అడగలేదు. పర్మినెంటు వాళ్లకు ఏడాదికి రెండు జతల ఖాకీ బట్టలు ఇస్తారు, జహంగీర్ చాచాకు వస్తాయి. ఆ బట్టలు మా దండెం మీద ఒక్కసారి ఆరేస్తే చాలనేది. ఎవరు చూడాలో కూడా చెప్పేది, పేర్లతో సహా.

* * *

జులైలో పని మొదలైంది. మందు అంటే కొన్నది కాదు. జహంగీర్ చాచా వారానికి రెండుసార్లు రైలెక్కి వరంగల్ చేపల మార్కెట్టు నుంచి బంగారుతీగ చేపల తలకాయలు సంచీలో తెచ్చేవాడు. ఆ సంచీ పుణ్యాన రైల్లో తనకు ఎప్పుడూ సీటు దొరుకుతుందనీ, సీటేమిటి, పెట్టె మొత్తం దొరుకుతుందనీ చెప్పుకునేవాడు. ఆ తలకాయల్లో మెదడు కింద ఆవగింజంత గ్రంథి ఉంటుంది. దాన్ని తీసి, స్పిరిట్లో దాచి, నూరి, నీళ్లలో కలిపి కొర్రమట్టకు పొడవాలి. తీసేది నాయిన. ఒక్క వేలిగోరు అంచుతో, చిదమకుండా తీసేవాడు. నేను పాలిటెక్నిక్‌లో ఇచ్చిన పట్టకారుతో ప్రయత్నించి రెండు తలకాయలు పాడు చేశాక నా పట్టకారు మళ్లీ డ్రాయర్లోకి పోయింది.

చేప కళ్ల మీద తడిగుడ్డ కప్పి నాయిన పట్టుకుంటే ప్రభాకర్ గారు పొడిచేవారు. నేను టైము, డోసు రాసేదాన్ని. కొన్ని జతల్లో ఒకటి మర్నాటికి తెల్లగా పొట్ట తేలేసేది. రెండూ బతికితే తొట్టికి చెరో మూల చేరి, మొగుడూ పెళ్లాం పంచాయితీకి పోయివచ్చినట్టు ముఖాలు తిప్పుకునేవి. మూడు వారాల్లో తొమ్మిది జతలు పోయాయి. పదో జత తేలిన రోజు ప్రభాకర్ గారు సిరంజి ట్రేలో పెట్టి, చాలాసేపు చేతులు తుడుచుకున్నారు.

నాయిన అప్పుడడిగాడు. నేను చేరాక ఆయన సారును ఏదైనా అడగడం చూడటం అదే మొదలు.

"సారు, సూదికి నొస్తది. నొచ్చినంక అది జోడ కట్టది. ఒక్క జోడ నాకియ్యిర్రి. పంపు షెడ్డెనక మట్టి గుంట ఉన్నది, అండ్ల ఇడుస్త."

"సూదే లేకపోతే ప్రాజెక్టు పేరు మార్చాలి ఓదెలూ," అన్నారు ప్రభాకర్ గారు. మళ్లీ ఆయనే, "సరే, తీసుకో. పోల్చి చూడటానికి ఒకటి ఉండాలిగా. సునంద గారూ, రిజిస్టర్లో ఎక్కించండి. ఎనిమిదో నంబరు. డోసు సున్నా," అన్నారు.

ఎక్కించాను.

ఆ ఇరవై ఆరు రోజులు మా నాయిన ఏం చేశాడో నాకు బాగా తెలుసు, ఎందుకంటే రోజుకు రెండుసార్లు థర్మామీటరు పట్టుకుని అక్కడికే పోయేదాన్ని. గుంటలో కుళ్లిన బురదంతా ఎత్తిపోసి చెరువు నుంచి నల్లమట్టి తెచ్చి పరిచాడు. ఒక పక్క తుంగ నాటాడు. నాచు తెచ్చి, మధ్యలో చాటంత జాగా గుండ్రంగా ఖాళీ ఉంచి అల్లాడు. పాత కుండకు అడుగున చిల్లులు పొడిచి గుంట మీద కొయ్యకు కట్టాడు. అందులో నీళ్లు పోస్తే వాన పడ్డట్టు చిటచిటమని రాలేది. వాన లేని రోజు చేపకు వాన ఉందని చెప్పడమన్నమాట. ఎండ వచ్చే వైపు తాటికమ్మలు నిలబెట్టాడు. నీటిపాములు రాకుండా చుట్టూ రేగుకంప కొట్టాడు. బీడీ మానేశాడు, ఆ వాసన నీళ్లకు దిగుతుందని. అన్నం అక్కడే. అవ్వ గిన్నె తెచ్చి దూరంగా దించి పోవాలి, అడుగుల చప్పుడు రావద్దు. ఇరవై ఏళ్ల కాపురంలో తనకు కూడా ఇంత మర్యాద జరగలేదని అవ్వ నాతో అంది.

నా రిజిస్టర్లో కాలమ్స్ నాలుగు. నీటి వేడి, పీహెచ్, డోసు, పరిశీలన. వేడి ఇరవై ఎనిమిది. పీహెచ్ ఏడున్నర. డోసు సున్నా. పరిశీలన కింద, ఇరవై ఆరు రోజులూ, "ఏమీ లేదు" అని రాశాను. నా చేతిరాత చాలా బాగుంటుంది. కుండకూ తాటికమ్మలకూ కాలమ్ లేదు.

ఒకరోజు నాయిన అడిగాడు, ఏం రాసినవని. ఏం లేదని రాసిన అని చెప్పాను.

"మంచిగ రాసినవ్. ఏమన్న ఉన్నా గట్లనే రాయి. దిష్టి తాకుతది."

ఇది మా వాళ్ల పట్టింపు. మేము చేపలు పట్టేవాళ్లం గానీ చేపలు పట్టామని అనేవాళ్లం కాదు. వల నిండినా, ఎన్ని పట్టినవురా అంటే గంగమ్మ ఇచ్చినన్ని అనాలి. ఇది నేను పట్టిన, ఇది నేను పెంచిన అంటే మళ్లీ ఏడాదికి చెరువు ఖాళీ. ఏడేళ్లప్పుడు నేను కట్ట మీద నిలబడి, మా నాయిన నా అంత చేప పట్టిండని అరిచాను. మా నాయినమ్మ నా మూతి మీద కొట్టిన దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. వేలికి ఇత్తడి ఉంగరం ఉండేది ఆమెకు.

అంటే నాకు తెలియదని అనడానికి లేదు. ఆ దెబ్బ తిన్నదాన్ని నేనే.

* * *

ఇరవై ఏడో రోజు పొద్దున నాయిన మస్టరుకు రాలేదు. నేనే పోయాను. ఆయన గుంట పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మాట్లాడొద్దని సైగ చేసి, మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు.

ముందు ఏమీ కనబడలేదు. నాచు మధ్య ఆ చాటంత జాగాలో నీళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి, కుంకుమ ఒలికినట్టు. ఆ ఎరుపు కదిలింది. ఒక్కసారి పైకి పొంగి, బుడగల చప్పుడుతో గాలి పీల్చుకుని, మళ్లీ కిందికి దిగింది. వేల పిల్లలు, ఒక్కోటి జీలకర్ర గింజంత. వాటి కింద నల్లగా, నా ముంజేయి అంత తల్లి. దానికి అవతల తండ్రి. రెండూ రెప్పలేని కళ్లతో మమ్మల్నే చూస్తున్నాయి.

నేను వేలు చూపబోతే నాయిన నా వేలు మడిచేశాడు.

ప్రభాకర్ గారికి చెబితే ఆయన చెప్పులు వదిలేసి వచ్చారు. ఎందుకు వదిలారో ఆయనకే తెలియదు. చాలాసేపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నాయిన చెయ్యి పట్టుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి ఆయన గదిలో టైపు మిషన్ ఆగలేదు. సూది లేకుండా, చుట్టూ ఉన్న పరిస్థితులు మార్చి కొర్రమట్ట చేత గుడ్లు పెట్టించే పద్ధతి అని దానికి ఒక పొడవాటి ఇంగ్లిషు పేరు పెట్టారు. కుండ బొమ్మ గీయించుకున్నారు. తుంగ ఎంత ఎత్తు, నీళ్లు ఎంత లోతు అని నాయినను అడిగి అడిగి రాసుకున్నారు. నాయిన మోకాలు చూపించి ఇంత, మోచెయ్యి చూపించి అంత అంటే, నేను టేపు పెట్టి కొలిచేదాన్ని. కమిటీకి తానే దగ్గరుండి అన్నీ వివరిస్తానన్నారు. మేం పక్కన నిలబడితే చాలు.

* * *

కమిటీ ఆగస్టు చివరి వారంలో వచ్చింది, రెండు జీపుల్లో, వాన మధ్యలో. ముగ్గురు. చైర్మన్ బెంగాలీ పెద్దాయన, గొడుగు తనే పట్టుకుని దిగాడు. జహంగీర్ చాచా ఆ రోజు కోసం తన ఖాకీ చొక్కా ఒకటి నాయినకు ఇచ్చాడు. భుజాల దగ్గర వదులు. గుండీలన్నీ పెట్టుకుని నాయిన ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. అవ్వ ప్రహరీ బయట నిలబడి చూసి పోయింది.

మధ్యాహ్నం భోజనానికి చేపల కూర వద్దని నాయిన పట్టుబట్టాడు. పిల్లలున్న చోట వండొద్దట. కోడికూర పెట్టాం. చేపల కేంద్రంలో చేప లేదని తెలిసి ఆ బెంగాలీ పెద్దాయన ముఖం చిన్నపిల్లాడిలా వాడిపోయింది. అందరం నవ్వాం. ఆయన మంచివాడు. అది కూడా చెప్పాలి.

భోజనమయ్యాక మిగతా ఇద్దరూ గ్రంథులు ఎలా దాస్తారో చూడాలన్నారు. ప్రభాకర్ గారు వాళ్లను లోపలికి తీసుకుపోయారు. ఐదు నిమిషాల్లో వస్తాననీ, ఎనిమిదో నంబరు దగ్గరికి అందరం కలిసే పోదామనీ నాతో అన్నారు. కానీ చైర్మన్ గారు ఆగలేదు. గొడుగు వేసుకుని పంపు షెడ్డు వెనక్కి నడిచాడు. వెంట నేను.

నాయిన అక్కడే ఉన్నాడు. కంపలో తోవ చేసి ఆయనను లోపలికి రానిచ్చాడు. ఆ పెద్దాయన ప్యాంటు బురదలో పడుతున్నా చూసుకోకుండా గొంతుకూర్చున్నాడు. ఎర్ర ముద్ద పైకి పొంగింది, దిగింది. రెండోసారి పొంగింది. ఆయన నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది, మనం పసిపిల్లను చూసి చేసే శబ్దం. తర్వాత నాయిన వైపు తిరిగి ఇంగ్లిషులో అడిగాడు, ఇది ఎవరు చేశారని. నా వైపు చూశాడు, అడగమని.

"నాయినా, ఇది ఎవలు జేసిండ్రని అడుగుతాండు."

నాయిన ఖాకీ చొక్కా సర్దుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు, చైర్మన్‌కు కాదు, గుంటకు.

"మనదేమున్నది సారు. ఎవలు జేసింది లేదు. గంగమ్మ ఇయ్యాలనుకున్నది, ఇచ్చింది. మేం అడ్డం పోలే, గంతే."

పాలిటెక్నిక్‌లో మాకు మొదటి వారం నేర్పింది ఒకటే. మీటరులో ముల్లు ఎక్కడుంటే అక్కడి అంకె రాయాలి. అర గీత పైకి లేదు, అర గీత కిందికి లేదు. మూడేళ్లు అందులో నాకు ఫస్టు మార్కులు.

ఇందులో ఎవరూ చేసిందేమీ లేదంటున్నారు సర్, ప్రకృతే ఇవ్వాలనుకుని ఇచ్చిందట, మేం అడ్డు రాలేదంతే అంటున్నారు అని, తప్పుల్లేని ఇంగ్లిషులో చెప్పాను.

గంగమ్మకు ఇంకో మాట అప్పటికప్పుడు తట్టలేదు.

ఆయన తలూపాడు. చిన్న నోట్‌బుక్కు తీసి, గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక లైను రాసుకున్నాడు. లేచి నాయిన భుజం తట్టాడు. తలెత్తితే కొయ్యకు కుండ వేలాడుతూ ఉంది. వాన పడుతున్నందున నాయిన అందులో నీళ్లు పోయలేదు. వట్టి చిల్లుల కుండ. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అడగలేదు. నేనూ చెప్పలేదు. అప్పటికే ప్రభాకర్ గారు తడుస్తూ పరుగెత్తుకొస్తున్నారు, చేతిలో టైపు చేసిన కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని.

జీపులు పోయాక నాయిన అడిగాడు.

"నేను మంచిగనే చెప్పిన కదా బిడ్డా?"

"మంచిగ చెప్పినవ్."

"నువ్వు గట్లనే చెప్పినవా?"

"గట్లనే చెప్పిన."

ఆయన చొక్కా విప్పి, మడత పడకుండా చేతి మీద వేసుకుని, జహంగీర్ చాచాకు ఇవ్వడానికి పోయాడు.

* * *

ఉత్తరం నవంబరులో వచ్చింది. ప్రభాకర్ గారు నిలబడే చదివారు, తర్వాత కూర్చుని చదివారు, తర్వాత నాకు ఇచ్చారు. పేజీన్నర. అందులో మా తొట్ల శుభ్రత గురించి మెచ్చుకోలు ఉంది. మూడో పేరాలో, ఎనిమిదో నంబరులో గుడ్లు పెట్టడం సహజంగా జరిగిందేనని, ఎవరి ప్రమేయమూ లేదని క్షేత్ర సిబ్బందే స్వయంగా చెప్పారని, కేంద్రం రిజిస్టరు కూడా అదే చూపిస్తోందని, కాబట్టి పొడిగింపు సిఫారసు చేయడం లేదని ఉంది. తనంతట తాను గుడ్లు పెట్టే చేపకు డబ్బులెందుకని వాళ్ల ఉద్దేశం. తప్పు పట్టడానికి లేదు.

"క్షేత్ర సిబ్బంది అంటే?" అన్నారు ప్రభాకర్ గారు.

నేను రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. ఎనిమిదో నంబరు పేజీ. ఇరవై ఆరు "ఏమీ లేదు"లు, ఒకదాని కింద ఒకటి, ముత్యాల్లాగా. తర్వాత నాయిన ఏమన్నాడో, నేను ఏమన్నానో చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. నన్ను ఏమైనా అంటే బాగుండేది.

"నేనక్కడ ఉండాల్సిందండీ," అన్నారు.

ఆయన నాలుగు పేజీల జవాబు రాశారు. కుండ బొమ్మ మళ్లీ గీసి జతచేశారు. నన్ను రిజిస్టరు దిద్దమని అడగలేదు. నేను దిద్దుతానని కూడా అనలేదు. ఆ జవాబుకు జవాబు రాలేదు.

ఇంట్లో నేను, ఢిల్లీలో పైసలు లేవట అని చెప్పాను. "సర్కారుకే లేకుంటే ఇగ మనకేడియి," అన్నాడు నాయిన. అవ్వ దండెం మీది బట్టలు తీసుకుంటోంది. తీసినవి మళ్లీ ఆరేసింది. కొంతసేపటికి తెలిసి మళ్లీ తీసింది.

మార్చిలో తాళం వేసే ముందు చేపలన్నింటినీ చెరువులో వదలమని ఆర్డరు. ఎనిమిదో నంబరు పిల్లలు అప్పటికి జానెడైనాయి. నాయిన వాటిని బిందెల్లో, తడిగుడ్డ కప్పి, ఒక్కడే మోశాడు. నన్ను పట్టనివ్వలేదు. కట్ట మీద సొసైటీ వాళ్లు నలుగురు నిలబడి చూస్తున్నారు. వచ్చే ఏడు వాటికి వల వేసేది వాళ్లే. ఒకాయన, ఎన్నుంటయి ఓదెలన్నా అని అడిగాడు. గంగమ్మ ఇచ్చినన్ని అన్నాడు నాయిన. బిందె వంచి, చివరి చేప పోయేదాకా అట్లే వంచి పట్టుకుని, ఖాళీ బిందెలో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

జహంగీర్ చాచాకు కాకినాడ బదిలీ అయింది. ఈ వయసులో సముద్రం చూడాలని రాసిపెట్టి ఉందన్నాడు. పోయేముందు ఆ ఖాకీ చొక్కా మా ఇంటికి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ దాన్ని ఉతికింది. పెరట్లో, ఎవరూ చూడని వైపు ఆరేసింది. మర్నాడు మడిచి తిరిగి ఇచ్చేసింది.

ఆఖరి రోజు మస్టరులో ఆఖరి ముద్ర. ఇకముందు ఏ హక్కూ అడగనని ఇంకో కాగితం, దాని మీద ఇంకో ముద్ర. వేలు పట్టుకుని నేనే వేయించాను.

"పెట్టిన మేడం," అన్నాడు. నవ్వడానికి గుమ్మంలో ఎవరూ లేరు.

* * *

నాకు మరుసటి ఏడు జనగామ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగం వచ్చింది. పర్మినెంటు. ప్రభాకర్ గారు ఇచ్చిన అనుభవం సర్టిఫికెట్ దానికి పనికొచ్చిందని ఇంటర్వ్యూలో వాళ్లే అన్నారు. అందులో ఆయన, ఈమె నమోదులో అత్యంత కచ్చితత్వం గల మనిషి అని రాశారు. ఎగతాళికి రాయలేదు, ఆయనకు ఎగతాళి రాదు.

మొదటి జీతంతో కేసముద్రంలో రైలు దిగి, ఇంటికి పోకుండా ముందు మార్కెట్ యార్డుకు పోయాను. నాయిన అక్కడ హమాలీగా చేరి ఏడాది కావస్తోంది. మిర్చి సీజను. యార్డంతా ఎర్రగా ఉంది, కుప్పలు కుప్పలుగా. ఆ ఎరుపు నేను వెంటనే చూడలేకపోయాను. నాయిన లారీ మీదికి బస్తా ఎక్కించి, వీపు తుడుచుకుంటూ వచ్చాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు ఇప్పుడు మిర్చి వాసన వస్తోంది. చేప వాసన ఎంత వెతికినా లేదు.

తోటి హమాలీలు ముగ్గురు నలుగురు చుట్టూ చేరారు. నాయిన నన్ను వాళ్లకు చూపించాడు. వాళ్లకు నేను కొత్త గానీ, నా కథ కొత్త కాదని ముఖాలు చూస్తే తెలుస్తోంది.

"ఢిల్లీకెల్లి అంత పెద్ద సారొస్తే నేను గిట్ల జెప్పిన. నా బిడ్డ గట్లనే ఇంగిలీషుల జెప్పింది. ఒక్క ముక్క పోనియ్యలే, ఒక్క ముక్క కలపలే. ఆ సారు నా భుజం తట్టిండు."

"గంగమ్మ ఇచ్చిందన్నది కూడ చెప్పినవా బిడ్డా?" అని ఒక ముసలాయన అడిగాడు. "గంగమ్మను ఇంగిలీషుల ఏమంటరు?"

"చెప్పు సునందా," అన్నాడు నాయిన.

అందరూ నా వైపే చూస్తున్నారు. అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి. మిర్చి యార్డులో ఎవరి కళ్లయినా కారుతూనే ఉంటాయి, ఎందుకని ఎవరూ అడగరు.